వాకిలి దాటిన పిదప

ఏకలవ్యుని కథ నెఱుగని యిల్లాలు మనలో నుండదు. ద్రోణుడు శిష్యునిగా గైకొనకపోయినను, మట్టిబొమ్మను గురువుగా నెంచుకొని, ఆ యెఱుకరాజు కొడుకు విలువిద్య నభ్యసించెనని పిల్లలకు చెప్పుచు అతని పట్టుదలను కొనియాడుచుందుము. అతనికి గురువుకడ చోటేల దొరకలేదను ప్రశ్న మాత్రము కథ ముగియునప్పటికి మఱుగుపడిపోవును. విశ్వవిద్యాలయములలో పరిశోధన చేయవచ్చు స్త్రీలను గూర్చియు, దళిత గిరిజన కుటుంబములనుండి మొదటిసారి యంతదూరము వచ్చిన బిడ్డలను గూర్చియు లోకము మాటలాడు తీరు నిట్లే యున్నది. కష్టపడి గెలిచినవారిని పొగడుదురు. ఆ కష్టము వారికే యేల కలిగెనని యడుగరు. ఈ నెల ఈ విషయమును సోదరీమణుల ముందుంచ దలచితిమి.

1933లో బొంబాయి విశ్వవిద్యాలయమున పట్టము నొందిన కమలా భాగవత్ అను కన్య, బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధనకై దరఖాస్తు పెట్టిరి. అప్పు డచటి యధికారి సర్ సి. వి. రామన్‌గారు. స్త్రీ యగుటచే ఆమెను చేర్చుకొనుటకు వారు నిరాకరించిరి. ఆమె పట్టు విడువకపోగా, మొదటి యేడాది పరీక్షాకాలమని నిబంధన పెట్టి చేర్చుకొనిరి. ఆమెయే తరువాత కమలా సోహనీ యను పేర ప్రసిద్ధినొంది, 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందిరి. ఆమె గెలిచిన మాట నిజమే. కాని తోడి పురుషులకు లేని పరీక్షను ఆమె ముందుగా గెలువవలసివచ్చెను. అట్టి వాకిళ్లనుండి మాటలేక వెనుదిరిగినవారి పేర్లను మన కెవ్వరు చెప్పగలరు?

పోనిండు, తలుపు తెరచిరనుకొందము. అంతటితో సరిపోవునా? డాక్టరు అంబేద్కరుగారు 1913లో బరోడా సంస్థానము వారి వేతనముతో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. 1916లో లండను చేరిరి. వేతనపు గడువు తీరగా, 1917లో చదువును సగములో విడిచి స్వదేశమునకు రావలసివచ్చెను. ఉద్యోగము చేసి కూడబెట్టిన సొమ్ముతోను, కొల్హాపురము సాహూ మహారాజుగారి సాయముతోను 1920లో మరల లండను వెళ్లి, 1923లో డి.ఎస్‌సి. పట్టమును సాధించిరి. అంతటి మేధావి చదువే సొమ్ము లేక మూడేండ్లు నిలిచిపోయినదన్నచో, ఊరుపేరు లేని బిడ్డ మాట చెప్పనేల?

తగిన సాయము వేళకు అందినచో నేమగునో చూపుటకు ఒక నిదర్శనము గలదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున 1917లో లెవీ బార్బరు అను దాత ఆసియాఖండపు స్త్రీల కొఱకు ఒక వేతనమును స్థాపించెను. తలచేరిలో బుట్టి, మద్రాసులో అధ్యాపకురాలుగా నున్న జానకీ అమ్మాళ్ గారు ఆ వేతనముతో అచటి కేగి, స్త్రీల వసతిగృహమున నివసించుచు వృక్షశాస్త్రమును పఠించి, 1931లో డి.ఎస్‌సి. పట్టమును పొందిరి. పిదప కోయంబత్తూరులో చెఱకు జాతులపై పరిశోధనలు చేసిరి. ప్రతిభ ఆమెదే. కాని ఆ ప్రతిభ తిండికొఱకును గదికొఱకును తిరుగుటలో అరిగిపోకుండ కాచినది ఆ యేర్పాటు.

నేడు మన దేశమున నిట్టి యేర్పాట్లు లేకపోలేదు. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వెనుకబడిన తరగతులవారికిని జాతీయ పరిశోధక వేతనములు గలవు. జూనియర్ రీసెర్చి ఫెలోషిప్ 2023 జనవరి నుండి నెలకు రూ. 37,000 గా నిర్ణయింపబడినది. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ననుసరించి పిహెచ్.డి. చేయు స్త్రీలకు ప్రసవమునకును శిశుపోషణకును 240 దినముల వరకు సెలవు గలదు. గ్రంథము సమర్పించుటకు రెండేండ్ల యదనపు గడువును గలదు. 2014-15లో సుమారు 48,000 మంది స్త్రీలు పిహెచ్.డి.లో చేరియుండగా, 2021-22 నాటికి వారి సంఖ్య సుమారు 99,000 అయినది. సంతోషింపదగిన మాటయే. అయితే ఇది చదువుచున్నవారి లెక్క గాని ముగించినవారి లెక్క కాదని గుర్తుంచుకొనవలెను. నడుమ నాగిపోవుటకు పెక్కు కారణములు: వేతనము చేతికందుటలో జాగు, దారి చూపు గురువు దొరకకపోవుట, అడుగుటకు ఇంటిలో ముందు చదివినవా రెవ్వరు లేకపోవుట.

ఇందు గృహిణులు చేయగల పని యేమున్నదని యడుగవచ్చును. చాల గలదు. విశ్వవిద్యాలయమున్న పట్టణములలో గది అద్దెకిచ్చువారు మన యిల్లాండ్రే. గది యడుగ వచ్చిన విద్యార్థినిని ముందుగా కులమేమని యడిగిన యింట, ప్రభుత్వమిచ్చిన వేతన మేమి చేయగలదు? పట్టణమంతయు తిరిగి గది దొరకని పిల్ల గ్రంథాలయమున ఏ మనస్సుతో కూర్చుండును? అట్లే పరిశోధన చేయు కోడలికి వచ్చు సొమ్ము పుస్తకములకును ప్రయోగములకును ఇచ్చినదే గాని ఇంటి రాబడి కాదు. బిడ్డ పుట్టినంత మాత్రమున ఆమె చదువు ముగిసినట్లు కాదు. ఆ 240 దినముల సెలవు, ఆ రెండేండ్ల గడువు అందుకొఱకే యున్నవి. వాని సంగతి అత్తగారి కెఱుకపడిననాడు ఆ సెలవు విరామముగా నుండును. ఎఱుకపడనినాడు అదియే వీడ్కోలగును.

పొరుగింట తల్లిదండ్రులు చదువురానివారైనచో, వారి పిల్లకు దరఖాస్తు గడువులు తెలుపుట, కులధ్రువపత్రము ముందుగా తెప్పించుకొమ్మని చెప్పుట, ఊరిలో చదివినవారికడకు తోడ్కొనిపోవుట చిన్న పనులే. మన బిడ్డలకై అడుగకయే చేయు పనులివి. వానిని పొరుగు బిడ్డకును చేయుట దయ గాదు, ఋణము తీర్చుకొనుట యని మా యభిప్రాయము. గెలిచిన పిల్లకు పూలమాల వేయుటకు వందమంది వత్తురు. మూడవ యేట, వేతనము రాక, వ్రాత సాగక, ఇంటికి పోదునా యని తలయొగ్గి కూర్చున్న పిల్లకడకు ఒక్కరు వచ్చినను చాలును.