నడివయస్సులో నౌకరీ మార్పు

మన సంఘంలోని సోదరీమణులు కొందరు ఈమధ్య ఒకే ప్రశ్నను పలువిధాలుగా అడుగుతున్నారు. "మావారికి నలభైయైదేళ్లు. జీతం బాగానే వస్తున్నది. కాని ఆ పనిలో మనసు నిలవడం లేదంటారు. అది మానివేసి బడిపంతులుగా చేరతానంటారు. ఔననమా, కాదనమా?"

మన పెద్దల కాలంలో ఈ ప్రశ్న అరుదు. విమాన కర్మాగారం 1940లో, టెలిఫోను కర్మాగారం 1948లో, హెచ్.ఎం.టి. 1953లో బెంగుళూరులో వెలిసినవి. అటువంటి గేటులోపల ఒకసారి అడుగుపెట్టిన మనవారిలో పెక్కుమంది పదవీవిరమణ నాడే బయటికి వచ్చారు. ఆ స్థిరత్వంతోనే ఇళ్లు కట్టారు, పిల్లలను చదివించారు. వారికి నమస్కారం. అయితే అందరి చేతికీ గడియారం తొడిగిన హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో ప్రభుత్వమే నిశ్చయించింది. కనుక కదలకుండా కూర్చుంటే చాలు, క్షేమమేనన్న మాట ఇప్పుడు పూర్తిగా చెల్లదు.

ఈ సందర్భంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని తలచుకోవడం మంచిది. పూర్వులు ఆంధ్రదేశపు మోక్షగుండం గ్రామంవారని ఇంటిపేరే చెబుతున్నది. ఆయన పుట్టింది ముద్దేనహళ్లిలో, బి.ఏ. చదివింది మన సెంట్రల్ కాలేజీలో. 1884లో బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖలో చేరి, సక్కరుకు మంచినీళ్లు తెచ్చారు, ఖడక్‌వాస్లా చెరువుకు తమంతట తామే తెరుచుకునే తలుపులు అమర్చారు. పేరుకు కొదవ లేదు, జీతానికీ కొదవ లేదు. కాని ఆ శాఖలో అగ్రపీఠం ఆనాడు భారతీయునికి అందేది కాదు. 1908లో, నలభైయేడేళ్ల ప్రాయంలో, ఆయన ఆ కొలువు విడిచారు.

ఆ తరువాత విదేశాలలో పర్యటిస్తుండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. 1909లో ఆయన అక్కడికి వెళ్లి వరదకు అడ్డుకట్ట ఆలోచించారు. తరువాతి కాలంలో లేచిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఆ ఆలోచన ఫలాలే. అదే సంవత్సరం మైసూరు ఛీఫ్ ఇంజనీరు పదవి వచ్చింది. రమ్మనగానే వెళ్లలేదు. సాంకేతిక విద్యకు, పరిశ్రమలకు పాటుపడే అవకాశం వుంటుందా అని విచారించి, ఆ భరోసా దొరికిన తరువాతనే చేరారు. 1911లో కృష్ణరాజసాగరం పని మొదలైంది. 1912లో దివాను అయ్యారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల. ఇవన్నీ పాత ఉద్యోగం విడిచిన పదేళ్ల లోపల జరిగినవే!

ఇది విని ఉత్సాహపడి రేపే రాజీనామా వ్రాయబోయేవారు కాస్త ఆగాలి. ఆయన విడిచింది కొలువునే గాని విద్యను కాదు. పాతికేళ్ల సర్వీసు నిండకపోయినా ప్రభుత్వం ఆయనకు పెన్షను మంజూరు చేసింది. బడికి పంపవలసిన పిల్లలు ఆయన ఇంట లేరు. మన ఇళ్లలో ఫీజులున్నవి, ఇంటి అప్పు వాయిదాలున్నవి, మందులు వాడే అత్తమామలున్నారు.

మరొక పెద్దమనిషి కథ మనకు ఇంకా దగ్గర. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి సుమారు ముప్పైయెనిమిదేళ్లు తెలుగు బోధించారు. ఆ తరువాత తిరుపతిలో అన్నమాచార్యుల కీర్తనలకు స్వరాలు కూర్చే పనికి పూనుకున్నారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. కడపటి రోజులు మన బెంగుళూరులోనే గడిపారు. తెలుగు పంతులుకు ఈ సంగీతం ఎక్కడిది? పాఠాలు చెప్పుకునే రోజులలోనే బిడారం కృష్ణప్పగారి వద్ద కూర్చుని నేర్చినది. రెండవ పనికి విత్తనం మొదటి పనిలో వుండగానే పడిందన్నమాట.

కాబట్టి మావారు బడిపంతులు అవుతారన్న సోదరికి నా మనవి ఇది. ముందుగా ఆయనను శని, ఆదివారాలలో నలుగురు పిల్లలకు ఏడాదిపాటు లెక్కలు చెప్పమనండి. పిల్లలమీద విసుగు రాకపోతే అప్పుడు బి.ఎడ్. మాట ఆలోచించవచ్చును. విసుగు పుట్టింది పనిమీదనా, పైఅధికారిమీదనా అన్నది కూడా ఈలోగా తేలిపోతుంది. అధికారిమీదనైతే బల్ల మారితే చాలు, బ్రతుకు మార్చనక్కరలేదు.

ఇక లెక్కల సంగతి. ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా వుండాలి. కంపెనీవారి ఆరోగ్య బీమా సామాన్యంగా కొలువుతోనే పోతుంది గనుక వేరే బీమా ముందుగా తీసుకోవాలి. భవిష్యనిధి పెన్షను పథకంలో పదేళ్లు నిండితే 58వ ఏట పెన్షనుకు హక్కు వస్తుంది. ఏడెనిమిదేళ్లు అయినవారు తొందరపడి ఆ సొమ్ము తీసివేయరాదు. తగ్గబోయే జీతంతో మూడు నెలలు ముందే సంసారం నడిపి చూడండి. ఆ మూడు నెలలలో ఎవరు ఏమి మానుకోవలసి వచ్చిందో పిల్లలతో సహా కూర్చుని మాట్లాడుకోండి.

చివరిగా ఒక్కమాట. ఇంటిలో ఉద్యోగం మానుకున్నవారు ఇదివరకే ఒకరు వుండవచ్చును. పిల్లలకోసం పదేళ్లకిందట బ్యాంకు పని విడిచిన గృహిణికీ నలభైయేళ్లు వస్తున్నవి. తిరిగి ఏదైనా చేయాలని ఆమె మనసులోనూ వుండదా? భర్తగారి తృప్తికోసం ఇల్లంతా సర్దుకునేముందు ఆమె కోరిక ఏమిటో కూడా అడగండి. ఒకరు తగ్గే సమయానికి మరొకరు అందుకుంటే, ఇద్దరి కోరికా నెరవేరడానికి దారి దొరకవచ్చును.