ఛాసిస్ మీద మూడు, కాగజ్ మీద ఎనిమిది

మర్హూమ్ మామూ చెహలుం రోజు, దస్తర్‌ఖాన్ ఇంకా ఎత్తకముందే లారీ మాట వచ్చింది. పెద్దబ్బాయి అన్నాడు: "దాని కాగజాత్ సరిగ్గా లేవు భాయ్. పాత ఇనుము కొనేవాడు బరువు లెక్కన తీసుకుంటానన్నాడు. ఇచ్చేద్దాం." వచ్చే డబ్బు ఎవరెవరికి అని ఒక్కరూ అడగలేదు. ఇద్దత్‌లో ఉన్న ముమానీ పరదా వెనక నుంచి నన్ను పిలిచి అడిగింది: "కాగజ్ తప్పయితే లారీ కూడా తప్పేనా బేటా?"

ఆ సవాల్‌కు జవాబు వెతకడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మన ఇళ్లలో లారీల మీద బతికిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇదీ: సీ-బుక్కులో తప్పుంటే యజమాని బతికుండగానే దిద్దించండి. ఆయన ఇంతెఖాల్ తర్వాత ఆ తప్పు, తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లకు పనికొస్తుంది. "కాగజ్ సరిగ్గా లేదు, ఇక హిస్సా ఏమిటి" అన్న మాటతో బేవా ఎనిమిదో వంతు, కూతురి హక్ రెండూ గాల్లో కలుస్తాయి. మా ఇంట్లో ఎవరి నియ్యత్ చెడ్డదని నేననను. కానీ ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో నా చెవులతో విన్నాను.

లారీ 1974 నాటి టాటా 1210. పన్నెండు అంటే మొత్తం బరువు టన్నుల్లో, పది అంటే సుమారు వంద హార్స్‌పవర్. మామూ చివరిదాకా దాన్ని "బెంజి" అనే పిలిచాడు. టెల్కోకూ జర్మనీ డైమ్లర్-బెంజ్‌కూ 1954లో కుదిరిన ఒప్పందం 1969లోనే ముగిసింది. బండి ముందున్న నక్షత్రం పోయినా మా వైపు జనం నోట ఆ పేరు పోలేదు.

యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామని ఒక దోస్త్ సలహా ఇచ్చాడు. 2021లో కేంద్రం ఆ నియమాలు తెచ్చిన మాట నిజమే. యాభై ఏళ్లు పైబడిన బండికి ఇరవై వేల ఫీజు, వీఏ అక్షరాలున్న నంబరు ప్లేటు. కానీ అవి మోటారు సైకిళ్లకూ కార్లకూ రాసినవి, సరుకు లారీలకు కాదు. నవాబు గారి కారు వారసత్వ సంపద, ముప్పై ఏళ్లు ధాన్యం బస్తాలు మోసి నలుగురు పిల్లల్ని చదివించిన లారీ మాత్రం తుక్కు! ఈ తేడా నాకు నచ్చదు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

సరే, నంబరు సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో జీవితం గడిపిన ఒక ముసలి మిస్త్రీని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన సీ-బుక్కు వైపు చూడనేలేదు. కుడివైపు ముందు చక్రం దగ్గర, ఫ్రేం పొడవు కమ్మీ పక్కన కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో అరగంట తుడిచాడు. "గ్రైండర్ పెట్టినవాడు బేవకూఫ్. రంగుతో పాటు నంబరూ పోతుంది" అన్నాడు. తర్వాత సన్నని గరుకు కాగితంతో మెల్లగా రుద్దాడు. నంబరు బయటపడింది. పైన పల్చటి తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ సీసం అడ్డంగా రుద్దితే అచ్చు దిగింది. ఆర్టీవో ఆఫీసులో అడిగే పెన్సిల్ ప్రింట్ అదే.

ఉక్కు మీద 3 ఉంది. సీ-బుక్కులో 8 ఉంది. అంతే తేడా.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. కింద ఒక చుక్క పెడితే బే, పైన రెండు పెడితే తే అని ఉస్తాద్ బెత్తంతో నేర్పారు. అయినా ఒక అంకె ఇంత పని చేస్తుందని అనుకోలేదు. ఇప్పటి బండ్లకు 17 అక్షరాల నంబరు ఉంటుంది. అందులో మొదటి మూడు తయారీదారువి: ఎంఏటీ అంటే టాటా, ఎంబీ1 అంటే అశోక్ లేలాండ్. ఒకటితోనూ సిఫర్‌తోనూ పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అసలు వాడరు. పాత లారీలకు ఆ హిఫాజత్ లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. గుమాస్తా కంటికి ఎలా కనిపిస్తే అలా ఎక్కేది.

ఇంజన్ నంబరూ కలవలేదు. దాని కారణం మిస్త్రీకి తెలుసు. పాత ఇంజన్ పాడైతే మామూ 697 ఇంజన్ వేయించాడు, ఆ సంగతి ఆఫీసులో రాయించలేదు. అమెరికాలో 1950లకు ముందటి ట్రక్కులకు చాలా రాష్ట్రాలు ఇంజన్ నంబరు మీదే టైటిల్ ఇచ్చేవట. ఇంజన్ మారితే కాగజ్ యతీమే. మన దగ్గర ఛాసిస్ నంబరు ఆధారం కావడం కొంత నయం.

ఇంతలో ఒక ఏజెంట్ వచ్చాడు. "ఇంత తిరుగుడెందుకు సార్, సీ-బుక్కులో ఉన్నట్టే ఛాసిస్ మీద పంచ్ కొట్టేద్దాం" అన్నాడు. మూడును ఎనిమిది చేయడానికి రెండు గాట్లు చాలట! ఇది జుర్మ్, ధోకా కూడా. దొంగ బండ్లకు చేసే పని సొంత బండికి చేయించుకోవడమే. పైగా ఉక్కు దాచుకోదు. నంబరు కొట్టినప్పుడు లోపలి లోహం కూడా నలుగుతుంది. పైన అరగదీసినా ఫోరెన్సిక్ లేబొరేటరీలో రసాయనం పూస్తే పాత అంకె తేలొచ్చు. దిద్దాల్సింది కాగజ్‌ను. లోహం మీద చెయ్యి వేయకూడదు.

తప్పు ఎక్కడ పుట్టిందో కూడా తేలింది. ఆఫీసులో బి-రిజిస్టర్ నకలు అడిగాం. 1974లో సిరాతో రాసిన పేజీలో స్పష్టంగా 3 ఉంది. అసలు సీ-బుక్కును చెదలు తినేశాక మామూ డూప్లికేట్ తీసుకున్నాడు. అది టైపు చేసినవారు 8 కొట్టారు, కంప్యూటర్లోకీ అదే ఎక్కింది. మామూ ఒక్కసారి కూడా రెండింటినీ పోల్చి చూసుకోలేదు. బి-రిజిస్టర్ నకలు, పెన్సిల్ ప్రింట్, పాత టాక్స్ రసీదులు, స్టాంపు కాగితం మీద హలఫ్‌నామా జతచేసి అర్జీ పెట్టాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి ఫ్రేం చూసి రాసుకున్నాడు. మూడు నెలలకు అంకె మారింది.

మోటారు వాహనాల నియమాల్లో వారసుల కోసం ఒక దారి ఉంది. యజమాని పోయిన 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలి. చెహలుం అయ్యాక మాట్లాడుకుందాం అనుకునే మన ఇళ్లలో ఆ మొదటి గడువు అప్పటికే దాటిపోతుంది. మాదీ దాటింది. ఆలస్యానికి జుర్మానా కట్టాం.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించి. జుమ్మా బయాన్‌లో దాన్ని ఎన్నిసార్లు విన్నామో! ఇంటికొచ్చి సీ-బుక్కు తెరిచి చూసినవాళ్లెందరు?

తమ్ముళ్లిద్దరూ చివరికి కూర్చుని సంతకాలు చేశారు. బండి ముమానీ పేరు మీదికి మార్చి, అమ్మాక షరియత్ ప్రకారం పంచుకోవాలని నిర్ణయమైంది. చెల్లెలు కూడా సంతకం పెట్టింది. ఆమెను పిలవాలని ముందు ఎవరికీ తోచలేదు, పిలిచింది ముమానీయే.

ఇంకా ఒక ముడి మిగిలింది. సీ-బుక్కులో మామూ పేరు ముందు "ఎస్.కె." అని ఉంది. షేక్ అనడానికి మనవాళ్లు రాసుకునే రెండక్షరాలను ఎవరో ఇంటిపేరు, సొంతపేరు పొడి అక్షరాలనుకుని మధ్యలో చుక్కలు పెట్టారు. ఆధార్‌లో, మరణ ధ్రువపత్రంలో "షేక్" అని పూర్తిగా ఉంది. ఈ ఇద్దరూ ఒకరే అని తహసీల్దారు దగ్గర నుంచి కాగితం తెమ్మన్నారు. సోమవారం ముమానీతో కలిసి వెళ్తున్నాను. ఆమె ఇద్దత్ పూర్తయింది.