మన వాకిట్లో: లోపలి ప్యాడు



పోయిన వర్షాకాలములో చింతూరు వెళ్ళి తిరిగి వచ్చుచు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో ఒక వాలు దిగుచుండగా మా పాత చిన్న కారు ముందు చక్రములో నుండి ఇనుమును ఇనుముతో గీకినట్టి శబ్దము వచ్చినది. బ్రేక్ తొక్కినప్పుడెల్లా అదే. వెనుక సీటులో మా ఇల్లాలు, ఆమె ప్రక్కన ఆస్పత్రికి తీసికొని పోవుచున్న ఒక వృద్ధురాలు ఉన్నారు. కారులో మాటలన్నియు ఆగిపోయినవి. రెండవ గేరులోనే ఉంచి, వేగమును ఇంజనుతోనే అదుపు చేసికొనుచు రంపచోడవరము చేరునప్పటికి చీకటి పడినది. అక్కడ వారిద్దరిని బస్సు ఎక్కించి, మరునాడు మేము ఒక్కరమే మెల్లగా ఇంటికి నడుపుకొని వచ్చాము. అది తెలివిగల పని కాదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

మమ్మును బాధించిన సంగతి మరియొకటి. రెండు వారముల ముందే చక్రము సందులలో నుండి తొంగిచూచి, "ప్యాడు బాగానే ఉన్నది" అని మేమే తేల్చివేసితిమి. మేము చూచినది బయటి ప్యాడు. అరిగినది లోపలిది.

మన ఇండ్లలో ఉండే చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రములకు డిస్కులు, వెనుక చక్రములకు డ్రమ్ములు ఉండును. డిస్కు అనగా చక్రముతోపాటు తిరిగే ఇనుప పళ్ళెము. దానికి ఇరువైపుల రెండు ప్యాడ్లు. వీటిని పట్టుకొనియుండే పనిముట్టును క్యాలిపర్ అందురు. పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ బయటకు వచ్చి లోపలి ప్యాడును డిస్కుకు నొక్కును. అప్పుడు క్యాలిపర్ తన రెండు పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడును కూడ లాగి నొక్కును. ఆ పిన్నులు త్రుప్పు పట్టి కదలకపోతే భారమంతయు లోపలి ప్యాడు మీదనే పడును. మా బండికి జరిగినది ఇదే. చక్రము విప్పి చూచినప్పుడు లోపలి ప్యాడుకు మిగిలినది వెనుక ఇనుప రేకు మాత్రమే. అది డిస్కును నాగటి చాలువలె గీసివేసినది.

క్రొత్త ప్యాడులో అరిగే పదార్థము ఇంచుమించు 10 మిల్లీమీటర్లు ఉండును. 3 మిల్లీమీటర్లకు వచ్చిన తరువాత ఆలస్యము చేయరాదు. డిస్కు ఎంత పలుచబడువరకు వాడవచ్చునో ఆ కొలత సాధారణముగా డిస్కు మీదనే చెక్కబడి ఉండును. మాది ఆ కొలతకు దిగువకు పోయినది గనుక రాజమండ్రిలో రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్లు కొన్నాము. ఒక ప్రక్క మాత్రమే మార్చితే బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక వైపునకు లాగును. ఈ విషయములో పొదుపు పనికిరాదు.

మా సంఘములో ట్రాక్టర్లు బాగుచేసే సహోదరుడు ఒకరు తోడు రాగా వాకిట్లోనే పని పెట్టుకొన్నాము. నేల చదునుగా ఉండవలెను. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రములకు చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, చక్రము నేలమీద ఉండగానే నట్లు కొంచెము వదులు చేయవలెను. జాకీతో ఎత్తిన తరువాత స్టాండు తప్పక పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద చేయి పెట్టవద్దు. ఇటుకలను అసలే నమ్మవద్దు, అవి చెప్పకుండ పగులును.

క్యాలిపర్ విప్పిన తరువాత దానిని రబ్బరు గొట్టము మీద వ్రేలాడనీయక తీగతో పైకి కట్టితిమి. పాత ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదరాదు. పూర్వము ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కలిపేవారు, అది ఊపిరితిత్తులను పాడుచేయును. తడిగుడ్డతో తుడిచితే సరిపోవును. పాత డిస్కు త్రుప్పుతో అంటుకొనిపోయినది. సుత్తితో చుట్టూ తట్టగా ఊడినది. అది కూర్చుండే చోట తీగ బ్రష్షుతో త్రుప్పంతయు గీకితీయుటకే అరగంట పట్టినది. మా అబ్బాయి విసుగుకొన్నాడు గాని, అక్కడ కొంచెము త్రుప్పు మిగిలినను క్రొత్త డిస్కు వంకరగా తిరిగి, పెడల్ కాలి క్రింద అదరును. క్రొత్త డిస్కు మీద త్రుప్పు పట్టకుండ పూసిన నూనెను కూడ పూర్తిగా తుడిచివేయవలెను.

పిన్నులను శుభ్రము చేసి, వేడికి తట్టుకొనే గ్రీజు పూసి, వేలితో నెట్టితే జరుగువరకు సరిచేసితిమి. మా దృష్టిలో పనియంతటిలో ముఖ్యమైనది ఇదే. ఇది చేయక ప్యాడ్లు మాత్రము మార్చితే మరల అదే చోట అదే అరుగుదల. ఆ గ్రీజు మాత్రము ప్యాడుకు గాని డిస్కుకు గాని తగలరాదు.

క్రొత్త ప్యాడ్లు మందముగా ఉండును గనుక పిస్టన్‌ను మెల్లగా లోనికి నొక్కవలెను. అప్పుడు పైనున్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగవచ్చును. ముందే సిరంజితో కొంత తీసితిమి. ఆ ఆయిల్ పడినచోట రంగు లేచిపోవును. మూతమీద ఒక చారిక ఇప్పటికిని మా పనికి సాక్షిగా ఉన్నది. బోల్టులన్నియు బండి పుస్తకములో చెప్పినంత బిగువుతో బిగించి, చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, బండిని దించి చివరి బిగువు పెట్టితిమి.

అంతా అయినదని సంతోషముతో సీటులో కూర్చుండి ఇంజను వేసితిమి. గేరు వేయబోవుచుండగా ఆ సహోదరుడు రెండు చేతులు ఎత్తి ముందు నిలువబడి, "అయ్యగారూ, ముందు పెడల్ కొట్టండి!" అని కేకవేసినాడు. తొక్కి చూడగా పెడల్ నేలకు అంటుకొన్నది. బ్రేక్ అనునది లేనే లేదు! పిస్టన్‌ను మనమే లోనికి నొక్కితిమి గనుక అది మరల ప్యాడ్లను చేరువరకు పెడల్‌ను అనేక సార్లు తొక్కవలెను. మా గేటు ఎదురుగానే బోరింగ్ పంపు, దాని దగ్గర బిందెలతో ఆడపిల్లలు. ఆరేడు సార్లు తొక్కగా పెడల్ గట్టిపడినది. డబ్బాలో ఆయిల్ మట్టము సరిచూచి, మరల ఒకసారి తొక్కి, అప్పుడు బండి కదిల్చితిమి. ఆ సాయంకాలము మాకు భోజనము సహించలేదు.

తరువాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగము నుండి నెమ్మదిగా బ్రేక్ పట్టుచు, పూర్తిగా ఆపక, మధ్యమధ్య చల్లారనిచ్చుచు పది పండ్రెండు సార్లు చేసితిమి. ప్యాడు, డిస్కు ఒకదానితో ఒకటి కుదురుకొనువరకు, అనగా మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, గట్టిగా తొక్కకుండుట మంచిది.

తెలిసినవాడు ప్రక్కన లేనిదే ఈ పనికి మొదటిసారి పూనుకొనవద్దని మా మాట. పని చేయకపోయినను చక్రము విప్పించి లోపలి ప్యాడును మీ కన్నులతో చూచుకొనవచ్చును గదా.

నెల దాటిన తరువాత చక్రము విప్పి చూచితిమి. ప్యాడ్లు రెండును ఒకే మందము. పిన్నును మా అబ్బాయి చిటికెన వ్రేలితో నెట్టినాడు, జరిగినది.