తెర మీద పోటీ, మన మధ్య పగ వద్దు
2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కుండపోత వానలకు నెల్లూరు తీరం వణికింది. అదే నెల 17న బిగ్‌బాస్ ఏడో సీజన్ ముగిసిన రాత్రి, హైదరాబాదులో అభిమానులు కొట్లాటకు దిగి ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు.

వారం వారం ఓట్లతో ఒకరిని ఇంటికి పంపే ఆట అది. చూసేవారు పక్షాలుగా చీలితేనే దానికి ఓట్లు. ప్రియులారా, స్నేహితులు టీవీ చూసి వాదించుకోవడం తప్పు కాదు. తెరమీది మనిషి కోసం పక్కనున్న మిత్రునితో మాటలు మానేయడమే తప్పు. ఎవరు ఎలిమినేట్ అయ్యారో తెలిసిన మనకు, వానకు ఎవరి బియ్యం తడిసిందో, ఎవరి వల పోయిందో తెలియకపోతే ఎలా? వాదించుకున్న స్నేహితులే కలిసి వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టాలి.