నాలుగవ నాటి ఆతిథ్యం

విమానాశ్రయం శంషాబాదుకు వచ్చింది 2008 మార్చిలో. అంతకు పూర్వం గల్ఫు నుండి వచ్చే బంధువులు బేగంపేటలో దిగి, పాతబస్తీలోని చుట్టాల ఇళ్ళలో బస చేసి, తీరిక దొరికితే మహేశ్వరం వైపు ఒక పూట వచ్చి పలకరించి వెళ్ళేవారు. ఇప్పుడు వరుస తిరగబడింది. విమానం దిగినవారికి మొదట తగిలే చుట్టాలం మేమే, తిరుగు ప్రయాణంలో చివరి మజిలీ కూడా మేమే. అర్ధరాత్రి దాటాక తలుపు చప్పుడైతే మా వీధిలో ఎవరూ ఉలిక్కిపడరు. తుక్కుగూడ దాటామని ఫోను వస్తుంది, పొయ్యి మీదికి చాయ్ గిన్నె ఎక్కుతుంది. అల్‌హమ్దులిల్లాహ్, రాకపోకలున్న ఇల్లు శుభప్రదమైన ఇల్లే.

మొన్నటి వర్షాకాలంలో మా మేనకోడలు తన భర్తతో, ముగ్గురు పిల్లలతో జిద్దా నుండి వచ్చి మా ఇంట వారం రోజులు ఉన్నది. పెద్దవాడికి ఏడేళ్ళు, అమ్మాయికి ఐదు, చివరివాడికి ఇంకా పది నెలలు నిండలేదు. మా ఇంట్లో మేమిద్దరం, కుమారుడు, కోడలు, నాలుగేళ్ళ మనుమడు. రెండు గదులు, ముందు ఒక హాలు. ఒక గది అతిథులకు ఇచ్చాము. కోడలు, మనుమడు, నా సహధర్మచారిణి రెండవ గదిలో సర్దుకున్నారు. నేనూ అబ్బాయీ హాలులో చాప పరచుకున్నాము.

మొదటి మూడు రోజులూ నాకు పండుగలాగే గడిచాయి. ఉదయం ఖిచిడీ, ఖీమా, ఖట్టా. మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా. రాత్రికి మరొక కూర, వేడి రొట్టెలు. ఊళ్ళోని పెద్దలు వచ్చి కూర్చునేవారు. లోపలికి కేకవేస్తే చాయ్ వచ్చేది. నేను హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) అతిథుల వృత్తాంతం చెబుతుంటే అల్లుడు శ్రద్ధగా వినేవాడు. మౌలానాగారి ఇంటి ఆతిథ్యమంటే ఇదీ అని ఎవరో అన్నారు. ఆ మాట నా చెవికి ఇంపుగా తగిలిందని ఒప్పుకోవలసిందే.

నేను లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. జిద్దా కాలం మన కాలానికి రెండున్నర గంటలు వెనుక. మన రాత్రి పది గంటలు ఆ పసివారి దేహాలకు ఏడున్నరే. ఒంటిగంట దాటే వరకూ వారికి నిద్ర రాదు. వారితో మా మనుమడూ మేలుకునేవాడు, వాడితో వాడి తల్లీ. మళ్ళీ ఫజ్ర్ అజాన్‌కు లేచి పొయ్యి వెలిగించేది కోడలే. అన్నింటికీ మించి, పిల్లలు మా కారం తినలేరు. పెద్దలకు ఒక వంట, వారికి ఒక వంట, పాలు తాగే వాడికి మెత్తని జావ వేరే.

నాలుగవ రోజు మగ్రిబ్ నమాజు ముగించి ఇంటికి వచ్చి, మంచినీళ్ళ కోసం నేనే లోపలికి వెళ్ళాను. కోడలు వంటగది గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నది. రెండు చేతులకూ పిండి ఉన్నది. పొయ్యి మీద రొట్టె మాడుతున్నది. నేను పొయ్యి ఆర్పి నిలబడ్డాను. మూడు రోజులుగా నేను పొందిన ప్రశంస ఎవరి ఖాతా నుండి చెల్లించబడిందో అప్పుడు తెలిసింది.

ఇరవై ఏళ్ళకు పైగా నేను మదరసాలో అతిథి మర్యాద గురించిన హదీసు బోధిస్తున్నాను. హజ్రత్ అబూ షురైహ్ (రజి) ఉల్లేఖించినది, బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్నది. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవాడు తన అతిథిని గౌరవించాలన్న భాగం మనందరికీ కంఠస్థం. దాని తరువాతి భాగం దగ్గరే మన గొంతు తగ్గుతుంది. ప్రత్యేకమైన మర్యాద ఒక పగలు, ఒక రాత్రి. ఆతిథ్యం మూడు రోజులు. ఆపైన చేసేది సదఖా. ఇంటివారిని ఇబ్బందిలోకి నెట్టేంతవరకు అతిథి అక్కడే ఉండిపోవటం అతనికి ధర్మసమ్మతం కాదని కూడా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) అందులోనే సెలవిచ్చారు. రక్త సంబంధీకులను మూడు రోజులకు సాగనంపమని దీని అర్థం కాదు. బంధుత్వపు హక్కు వేరుగా ఉంది, దానికి రోజుల గడువు లేదు. కాని నాలుగవ రోజు నుండి ఇంట్లో జరిగే సేవకు సదఖా అని పేరు. సదఖా ఎవరైనా తన సొమ్ము నుండే ఇవ్వాలి. కోడలి నిద్రను దానం చేసే అధికారం నాకెవరిచ్చారు?

ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) వృత్తాంతాన్నే మళ్ళీ చూడండి. జారియాత్ సూరాలో ఆయన చప్పుడు చేయకుండా ఇంటిలోకి వెళ్ళి, బలిసిన దూడ మాంసాన్ని తానే తెచ్చి అతిథుల ముందు పెట్టినట్లు ఉంది. కూర్చున్న చోటినుండి లోపలికి కేకవేసినట్లు లేదు. హూద్ సూరాలో ఆ ఇల్లాలు నిలబడి ఉన్న సంగతిని కూడా అల్లాహ్ ప్రస్తావించాడు. మూడు రోజులు ఈ వృత్తాంతాన్ని చెప్పినవాడిని నేను, ఆ రెండు విషయాలూ నా కంటపడలేదు.

ఇక్కడ కొందరికి ఒక సందేహం కలుగుతుంది. తమ పిల్లలను పస్తు పడుకోబెట్టి, దీపం ఆర్పి, ఉన్న ఆహారాన్ని అతిథికి తినిపించిన అన్సారీ దంపతుల ఉదంతం ప్రసిద్ధమైనదే కదా, మరి మనవారిని కష్టపెట్టటం తప్పెలా అవుతుంది? ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) ముస్లిం గ్రంథ వ్యాఖ్యానంలో దీన్ని విస్మరించలేదు. ఆ పిల్లలు నిజమైన ఆకలితో లేరనీ, పిల్లల అలవాటు చొప్పున అడిగారనీ, వారికి హాని కలిగేంత ఆకలే ఉంటే వారికి తినిపించటం విధి అయ్యేదనీ, అది ఆతిథ్యానికంటే ముందు వచ్చేదనీ ఆయన వివరించారు. పస్తున్నది ప్రధానంగా ఆ భార్యాభర్తలే, అదీ ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయంతో. మా ఇంట్లో కోడలిని ఎవరూ అడగలేదు.

మనుమడి సంగతి కూడా చెప్పాలి. వాడికి ఒక ఎర్ర జీపు ఉంది. వచ్చిన పిల్లలు దాన్ని అడిగిన ప్రతిసారీ, వాళ్ళు మెహమాన్లు, ఇచ్చెయ్యి బేటా అని నేనే వాడి చేతిలో నుండి తీసి ఇచ్చేవాడిని. వాడి మంచం ఇచ్చాము, పళ్ళెం ఇచ్చాము, వాడి అమ్మనూ ఇచ్చేశాము. ఐదవ రోజు ఉదయం అందరూ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు వాడు అడిగాడు, “దాదా, వీళ్ళు ఎప్పుడు పోతారు?”

అబ్బాయి కళ్ళెర్రజేశాడు. మేనకోడలు తల వంచుకున్నది. నాకు మాత్రం ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) సన్నిధికి పానీయం తెచ్చారు. ఆయన తాగారు. కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు ఉన్నారు. కుడివైపు వారిది మొదటి హక్కు. పెద్దలకు ముందు ఇవ్వటానికి అనుమతిస్తావా అని ఆయన ఆ బాలుణ్ణి అడిగారు. బాలుడు ఒప్పుకోలేదు. ఆయన పాత్రను ఆ బాలుడి చేతికే ఇచ్చారు. హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) దీన్ని ఉల్లేఖించారు. సర్వలోకాలకు కారుణ్యమూర్తిగా వచ్చినవారు పసివాడి హక్కును అడగకుండా తీసుకోలేదు. నేను నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు తీసుకున్నానో లెక్కలేదు. పైగా దాన్ని దాతృత్వ శిక్షణ అనుకున్నాను. బలవంతంగా ఇప్పించిన వస్తువు వల్ల పిల్లవాడికి ఇచ్చే గుణం రాదు, వచ్చిన వారంటే విసుగు వస్తుంది.

నేను మేనకోడలితో దాచకుండా మాట్లాడాను. ఆమె తేలికపడింది. “మామూజాన్, మొదటి రోజే నేను గిన్నెలు తోముతానంటే మీరే కదా వద్దన్నారు. కూర్చుని తినటం నాకూ కష్టంగానే ఉంది” అన్నది. అతిథిని పనిలో చేయి పెట్టనివ్వకపోవటం మర్యాద అనుకుంటాము. తకల్లుఫ్ నుండి మనం వారించబడ్డామని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది.

ఆనాటి నుండి పిల్లల వంట ఆమె చూసుకున్నది. అల్లుడూ అబ్బాయీ సాయంత్రం రొట్టెలు బజారు నుండి తెచ్చారు. ఒక పూటకు ఒకే కూర. మధ్యాహ్నం జుహ్ర్ తరువాత నేను ముగ్గురు పెద్ద పిల్లలనూ మదరసా ఆవరణకు తీసుకువెళ్ళి అసర్ వరకు ఉంచుకున్నాను. ఆ రెండు మూడు గంటలు కోడలు తలుపు వేసుకుని పడుకున్నది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత పిల్లలైనా అనుమతి అడిగి లోపలికి రావాలని నూర్ సూరాలో ఉన్న ఆజ్ఞను ఆ ఏడేళ్ళవాడికి నేర్పాను. రెండు కుటుంబాలు రెండు గదుల్లో ఉన్నప్పుడు ఆ ఆయతు ఎంత అవసరమో ఆ వారం తెలిసింది.

చిన్నవాడు నా జానమాజ్ మీద తడిపిన ముచ్చట ఒకటి మిగిలింది. వాడి తల్లి సిగ్గుతో కుంచించుకుపోయింది. ఉమ్మె ఖైస్ (రజి) పసిబిడ్డ దైవప్రవక్త (స) ఒడిలోనే తడిపితే ఆయన నీళ్ళు తెప్పించుకున్నారే తప్ప మరేమీ అనలేదని చెప్పాను. ఆ హదీసును బట్టి, పాలు తప్ప మరేమీ తినని మగబిడ్డ విషయంలో నీళ్ళు చిలకరిస్తే చాలని షాఫియీ పండితులు అంటారు. మన హనఫీ మార్గంలో కడగాలి. జావ మొదలైన వాడికి ఎలాగూ కడగవలసిందే. కడిగాను, నేనే.

వారం ముగిసి వారు కర్నూలుకు, అత్తవారింటికి బయలుదేరారు. దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ మేనకోడలే ఉతికి ఆరవేసి వెళ్ళింది. కారు కదిలేముందు ఐదేళ్ళ అమ్మాయి జీపు కోసం మారాం చేసింది. మా మనుమడు దాన్ని వెనుక దాచుకుని, ఇంకొక చేత్తో తన బిస్కెట్టు పొట్లం అందించాడు. జీపు ఇవ్వమని ఈసారి ఎవరూ వాడిని అడగలేదు.