మసకవెలుగు గెలాక్సీలు

మట్టెవాడలో మేడమీద నిలిచి రాత్రివేళ తలయెత్తి చూచినచో, వీధిదీపముల వెలుగున పాలపుంత కానరాదు. కావున మన విద్యార్థులు మిక్కిలి మెరయు నాలుగు చుక్కలనే ఆకాశమని తలంచుచున్నారు. కంటికి వెంటనే తోచనిది లేదనుకొనుట విద్యకు గొప్ప హాని యని మా యభిప్రాయము.

కోట్లకొలది నక్షత్రములు కూడియున్న సముదాయమునకు గెలాక్సీ యని పేరు. మన పాలపుంత యట్టిదే. గెలాక్సీలు తరచుగా గుంపులుగూడి యుండును. ఆ గుంపులలో కాంతిమంతములైన వాని నడుమ, పలుచని పొగవలె వ్యాపించినవి మరికొన్ని గలవు. వీని వెలుగు, చీకటిరాత్రి యాకాశమునకు సహజముగా నుండు మసకవెలుగుకంటెను తక్కువ.

2015వ సంవత్సరమున పీటర్ వాన్ డొక్కుమ్ మొదలగు శాస్త్రజ్ఞులు కోమా యను మహాసమూహములో ఇట్టివానిని 47 కనుగొనిరి. వీనిలో గొన్ని వెడల్పున పాలపుంతకు దీటైనను, నక్షత్రములు మాత్రము దానిలో నూరవవంతునకు లోపు. వారి డ్రాగన్‌ఫ్లై యంత్రమునకు మహాదర్పణము లేదు. ఛాయాచిత్రకారులు వాడు కటకములనే కూర్చి దానిని నిర్మించిరి. ప్రకాశించు తారల కాంతి చెదరి ప్రక్కలకు బడకుండ జేయుటయు, పలుగంటల చిత్రములను ఒకటిగా జేర్చుటయు దాని రహస్యము.

కనుగొనుటతో పని తీరదు. ఎన్.జి.సి. 1052 అను గెలాక్సీ గుంపులోని డి.ఎఫ్. 2 అను మసక గెలాక్సీయందు, కంటికి గానరాని కృష్ణపదార్థము దాదాపు లేదని 2018లో బ్రకటించిరి. అది ఆరున్నరకోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నదని వారి లెక్క. మరుసటి యేట వేరొక బృందము, దూరము నాలుగుకోట్లకు గొంచెము మాత్రమే మించునని వాదించెను. దూరము తగ్గినచో పరిమాణమును, తీర్పును మారును. 2021లో హబుల్ దూరదర్శినితో దీర్ఘముగా పరిశీలించి కొలువగా, దూరము ఏడుకోట్లకు మించినదని తేలెను. మసకవాని విషయమున తొందరపాటు తగదనుటకు ఇదియే నిదర్శనము.

ఇట్టి యోపిక మన సీమకు గ్రొత్త కాదు. 1901లో నవాబు జఫర్ జంగు హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా దీయబూనిన అంతర్జాతీయ కార్యమున బాల్గొని, తన పాలికి వచ్చిన భాగములోని నక్షత్రముల స్థానములను ఏండ్లతరబడి కొలిచి ప్రకటించెను.

తలిదండ్రులకు మా విన్నపము: నవంబరు నెలలో, చంద్రుడు లేని యొక రాత్రి, పిల్లలను ఉపాధ్యాయుల వెంట ఊరి వెలుపలికి బంపుడు. కన్నులు చీకటికి అలవడుటకు అరగంట పట్టును. అటుపిమ్మట ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న మబ్బుతునకవలె వట్టి కంటికే కానవచ్చును. ఆ వెలుగు ఇరువదియైదు లక్షల యేండ్లు పయనించి వచ్చినది.

ఉపాధ్యాయులమగు మేమును ఒక పాఠము నేర్వవలసియున్నది. ఒక్క పరీక్షలో వెలుగు చూపని బాలుని మందుడని వ్రాయుట, ఒక్క నిమిషపు చిత్రమును జూచి ఆకాశము శూన్యమనుటవంటిది. మెరయువారి కాంతిని గొంత మరుగుపరచి, తక్కినవారిని ఇంకను గొంతసేపు చూతము.