ఆర్థికవేత్త మలిదశ కృషి

భారత వ్యవసాయ పరిశోధన మండలిలో శాస్త్రవేత్త పదవీ విరమణ వయస్సు 62 సంవత్సరాలు. శాలువా, జ్ఞాపిక, నాలుగు మంచి మాటలతో సాగనంపడం ఆనవాయితీ. ఆ తరువాత గది మరొకరికి కేటాయిస్తారు. అలమారలోని సర్వే పత్రాల కట్టలు సామాన్ల గదికి చేరతాయి. ప్రజనన శాస్త్రవేత్త వెళ్ళిపోయినా ఆయన రూపొందించిన వంగడాలు క్షేత్రంలో మిగిలి ఉంటాయి. వ్యవసాయ ఆర్థికవేత్త వెనుక మిగిలేవి ఆ పత్రాలు, వాటికి అర్థం చెప్పగల ఆయన జ్ఞాపకం మాత్రమే. ఈ రెండింటినీ విడదీయడం సంస్థకు ఎంత నష్టమో ఆ వ్యక్తికీ అంతే నష్టం.

గ్రామీణ ఆర్థిక వ్యవస్థలోని మార్పు మూడేళ్ళ ప్రాజెక్టులో కనిపించదు. కౌలు షరతులు మారడం, ఎడ్ల స్థానంలో ట్రాక్టరు రావడం, కూలీలు పట్నం బాట పట్టడం వంటివి దశాబ్దాల పాటు సాగే ప్రక్రియలు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ జిల్లా పాలన్‌పూర్ గ్రామంలో తొలి సర్వే 1957-58లో జరిగింది. 1974లో నికొలస్ స్టెర్న్ అదే గ్రామాన్ని ఎంచుకొని, సహచరులతో కలిసి అధ్యయనాన్ని కొనసాగించారు. ఆరు దశాబ్దాల మార్పులను వివరించే గ్రంథం హిమాంశు, పీటర్ లాంజౌలతో కలిసి 2018లో వెలువడేనాటికి ఆయన వయస్సు డెబ్బై దాటింది. యౌవనంలో అడిగిన ప్రశ్నకు వార్ధక్యంలో గాని పూర్తి సమాధానం దొరకలేదు.

తెలుగు నేలకు చెందిన సి.హెచ్. హనుమంతరావు ఉదాహరణ విస్తరణ శాస్త్రవేత్తలకు మరింత దగ్గరిది. 1929లో జన్మించిన ఆయన తొలి పరిశోధన ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ భూమిపై పన్నులకు సంబంధించినది. కొత్త సాంకేతిక పరిజ్ఞానం తెచ్చిన లాభాలు ఎవరికి, ఏ మేరకు దక్కాయన్నది 1975లో ప్రచురించిన గ్రంథానికి విషయం. 1982 నుండి 1986 వరకు ప్రణాళికా సంఘ సభ్యునిగా పనిచేశారు. సాధారణ లెక్కన వృత్తి జీవితం అక్కడితో ముగియాలి. కాని కరవు పీడిత, ఎడారి ప్రాంతాల అభివృద్ధి కార్యక్రమాలను సమీక్షించిన సాంకేతిక సంఘానికి 1994లో అధ్యక్షత వహించేనాటికి ఆయనకు అరవై అయిదేళ్ళు. ఆ సంఘం సిఫారసుల ఆధారంగా రూపొందిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవడం, గ్రామస్థుల సంఘానికి బాధ్యత అప్పగించడం వాటిలోని కీలకాంశాలు. ఆ నిబంధనల కింద చెక్‌డ్యాములు కట్టించినవారు, గట్లు వేయించినవారు నేటి పాఠకుల్లోనూ ఉంటారు. హరిత విప్లవ ఫలితాల పంపిణీని పరిశీలించిన వ్యక్తి మెట్ట ప్రాంతాల వైపు చూడడం యాదృచ్ఛికం కాదు. ఆ తరువాత ప్రాంతీయ అసమానతలు, చిన్న రాష్ట్రాలు, తెలంగాణ అంశాలపై గ్రంథం వెలువరించినపుడు, అంటే 2010లో, ఆయన ఎనభై ఏళ్ళు దాటినవారు.

ఇటువంటి మలిదశకు పెద్ద పదవే పునాది అనుకోవడం సరికాదు. డెన్మార్క్‌కు చెందిన ఎస్తర్ బోసెరప్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టకుండానే, జనాభా ఒత్తిడి సాగు పద్ధతులను ఎలా మారుస్తుందో వివరించే గ్రంథాన్ని 55వ ఏట, ఆర్థికాభివృద్ధిలో స్త్రీల పాత్రపై గ్రంథాన్ని 60వ ఏట ప్రచురించారు.

అయితే వయస్సు దానంతట అదే పాండిత్యాన్ని ఇవ్వదు. ముప్పై ఏళ్ళనాటి కూలి రేట్లను మనసులో ఉంచుకొని నేటి రైతు లెక్కలను తప్పుపట్టే విశ్రాంత ఆచార్యులు ప్రతి సదస్సులోనూ కనిపిస్తారు. కోరినవారు కోరిన నిర్ణయానికే చేరుకొనే కన్సల్టెన్సీ నివేదికలు మరో ఉచ్చు. వాటితో కాలం గడుస్తుంది, రాబడీ ఉంటుంది; తృప్తి మాత్రం అరుదు. పెన్షన్ ఇచ్చే అసలు వరం స్వేచ్ఛ. నాస్ రేటింగుల బెడద లేదు, పదోన్నతి పాయింట్ల లెక్క లేదు. ఆ స్వేచ్ఛను పదేళ్ళు పట్టే ప్రశ్నకు వెచ్చించకపోతే అది వృథాయే.

అటువంటి ప్రశ్నలకు మన దగ్గర కొదవ లేదు. సాగు ఖర్చుల సమగ్ర పథకం 1970-71 నుండి నడుస్తోంది. ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో ఆరు గ్రామాలను ఎంచుకొని ఇంటింటి అధ్యయనం ప్రారంభించింది. ఈ స్థాయిలో కాకున్నా, ప్రతి ఆర్థికశాస్త్ర విభాగంలోనూ పాత సిద్ధాంత వ్యాసాల కోసం సర్వే చేసిన గ్రామాలు ఉన్నాయి. విశ్రాంత శాస్త్రవేత్త ఒక పరిశోధక విద్యార్థితో కలిసి తన పాత గ్రామానికి తిరిగి వెళ్ళగలిగితే, గణాంక సాఫ్ట్‌వేర్ విద్యార్థి నేర్పుతాడు, ఏ కుటుంబం ఎందుకు భూమి అమ్ముకొన్నదో ఊరివారిని ఎలా అడగాలో పెద్దాయన నేర్పుతారు. ఇందుకు గౌరవ వేతనం కన్నా గ్రంథాలయ ప్రవేశం, ఒక బల్ల, సహ మార్గదర్శిగా గుర్తింపు ముఖ్యం.

విశ్వవిద్యాలయాలు వీడ్కోలు సభకు ముందే చేయవలసిన పని ఒకటుంది. ప్రతి సర్వేకు గ్రామం, సంవత్సరం, కుటుంబాల సంఖ్య, సంకేతాల పట్టికను రాతపూర్వకంగా స్వీకరించాలి. రైతుల పేర్లను వేరుచేసి భద్రపరచాలి. ఈ పని చివరి నెలలో కాక, యాభై ఏళ్ళ వయస్సులోనే మొదలు కావాలి. పాత పత్రంలో 3 అన్న అంకె కౌలుదారుకు గుర్తో, పాలేరుకు గుర్తో నేడు చెప్పగలిగినవారు ఆ పత్రాన్ని నింపినవారు మాత్రమే.